మానేరు ఒడ్డున గజం ధర

కరీంనగర్‌కు సముద్రం లేకున్నా మానేరు ఉంది. 2023 జూన్‌లో తీగల వంతెన తెరిచాక, రివర్ ఫ్రంట్ పనుల మాట ఊరంతా పాకాక, నది దిక్కున్న ప్లాటంటే జనానికి మోజు పెరిగింది. సాయంత్రం లోయర్ మానేరు డ్యాం (ఎల్ఎండీ) కట్ట మీద నడిచినవాళ్లకు ఆ మోజు ఎందుకో చెప్పక్కర్లేదు. పిల్లాపాపలతో నీటి పక్కన బతకాలనుకోవడం మంచి కోరికే. కానీ కొనేముందు బ్రోచర్ కాదు, నీరు నిండుగా ఉన్నప్పుడు ఎంతవరకు వస్తుందో చూపే ఎఫ్‌టీఎల్ పటం చూడాలి. పాత పహాణీలో ఆ సర్వే నంబరు శిఖమా (నీటి ముంపు భూమి), పట్టానా అన్నది చూడాలి. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం నది అంచు నుంచి మున్సిపాలిటీ లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు కట్టడాలు కూడదు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) నంబరు తప్పనిసరి. అది లేనిదే బయానా ఇవ్వొద్దు. 2016 సెప్టెంబరు వరదకు మిడ్ మానేరు జలాశయం కట్టే తెగింది, మన ప్రహరీలెంత! ఇంకో మాట కూడా చెప్పాలి: ఆ మిడ్ మానేరు కిందనే కొదురుపాక, నీలోజిపల్లి వంటి ఊళ్లు మునిగాయి. నీటి అందంతో భూమి విలువ పెరుగుతుంటే, అందులో మొదటి వాటా ఆ నిర్వాసితుల పిల్లల ఉపాధికి దక్కాలి.