పట్టుపురుగుకు దక్కిన చలువ

ఎండలు ముదరగానే ప్రతి ఏటా వినిపించే సలహాలే ఈ ఏడూ వినిపిస్తున్నాయి. మిట్టమధ్యాహ్నం బయటకు రావద్దు, కిటికీలకు తడిబట్టలు కట్టుకోండి, ఇంటి కప్పుకు సున్నం వేయించుకోండి, నీళ్లు ఎక్కువగా తాగండి. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ వీటిని చదివినప్పుడల్లా నాకు మా అమ్మ కూలికి వెళ్లిన పట్టుపురుగుల షెడ్డు గుర్తుకొస్తుంది.

హిందూపురం పరిసరాల్లో మల్బరీ తోట ఎరుగని ఊరు అరుదు. పట్టుపురుగు మహా సుకుమారమైన ప్రాణి. పెద్ద పురుగుల దశలో దానికి 24, 25 డిగ్రీల వేడిమి, గాలిలో 70 శాతం దాకా తేమ కావాలి. వేడి పెరిగితే ఆకు ముట్టదు. రోగం సోకిందా, పంట పంటంతా పోతుంది. అందుకే రైతు షెడ్డు గోడలను ఎత్తుగా లేపుతాడు, కప్పు మీద కొబ్బరి మట్టలో బోదగడ్డో పరిపిస్తాడు, కిటికీలకు గోనెపట్టలు వేలాడదీయిస్తాడు. ఆ గోనెలు ఆరిపోకుండా తడుపుతూ ఉండడం వేసవిలో అమ్మ పని. గోడకు ఒక థర్మామీటరు ఉండేది. చదువు రాని అమ్మకు అందులో ఏ గీత దాటితే పరుగెత్తాలో తెలుసు. సాయంత్రం ఆమె తిరిగి వచ్చేది ఎస్సీ కాలనీలోని మా ఒంటిగది రేకుల ఇంటికి. ఆ గోడకు థర్మామీటరు లేదు. ఏ గీత దాటిందో చూసేవాళ్లూ లేరు.

పురుగును చల్లగా ఉంచడం మీద నాకు ఫిర్యాదు లేదు. అది మా తాలూకాల తిండి గింజ. షెడ్డుకు ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వడం కూడా సబబే. అయితే షెడ్డు రావాలంటే మల్బరీ తోట ఉండాలి, తోటకు భూమి ఉండాలి, భూమిలో బోరు ఉండాలి. ఆ మూడూ ఎవరి చేతుల్లో ఉన్నాయో, గోనె తడిపే చేతులు ఎవరివో మా ప్రాంతంలో ఎవరినీ అడగనక్కర్లేదు.

షెడ్డు పక్కనే ఆసామి మిద్దె ఉండేది. రెండడుగుల మందం రాతి గోడలు, వేప దూలాలు, పైన మెత్తిన చౌడు మట్టి, వేడిగాలి పైకి పోయేందుకు గవాక్షి. పగలంతా కాసిన ఎండ ఆ మందాన్ని దాటి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న ఊరు, వేసవిలోనూ రాత్రులు చల్లబడతాయి కాబట్టి ఆ వేడి అప్పటికప్పుడే జారిపోతుంది. సీమ పెద్దలు ఏ ఇంజనీరునూ అడగకుండా కనిపెట్టుకున్న విద్య ఇది. ఆ మట్టి మోసింది, రాయి కొట్టింది ఉప్పర, వడ్డెర, మాల, మాదిగ కూలీలు. పురుగుల షెడ్డులోకి రోజుకు పదిసార్లు వెళ్లిన మా అమ్మ ఆ మిద్దె పడసాలలోకి ఒక్కసారీ అడుగు పెట్టలేదు. ఆ ఇంటి చలువ ఆమెకు గడప ఇవతల నుంచి, తలుపు తీసినప్పుడు మొహానికి తగిలిన గాలిగా మాత్రమే తెలుసు.

అలాంటి ఇల్లు మీరూ కట్టుకోవచ్చు కదా అంటారు. లెక్క చూద్దాం. మొన్నటి ప్రభుత్వం పేదలకు పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర స్థలం ఇచ్చింది. సెంటు అంటే 48 గజాల చిల్లర, ఇంచుమించు 20 అడుగులకు 21 అడుగులు. చుట్టూ జానెడు కూడా వదలకుండా రెండడుగుల గోడ లేపితే లోపల మిగిలేది 16కు 17. స్థలంలో మూడో వంతుకు పైగా గోడకే పోతుంది. ఇక వేపచెట్టు ఎక్కడ నాటాలి? చలువకు మొదట కావలసింది జాగా. ఊరికి దూరంగా, ఎవరికీ అక్కర్లేని చెట్టులేని మెరకలో కాలనీకి స్థలం చూపించిన నాడే ఆ ఇళ్ల వేసవి ఖాయమైపోయింది.

హిందూపురం నుంచి ధర్మవరానికి పగటి రైలెక్కితే కిటికీలోంచి ఈ కథంతా కప్పుల రూపంలో కనిపిస్తుంది. పెనుకొండలో విజయనగర రాజుల గగన్ మహల్ ఉంది. 1565 తరువాత రాజధాని ఇక్కడికే మారింది. ఆ మహలును వేసవి విడిది అంటారు. దళసరి గోడలు, గచ్చు పూత, కమానుల్లోంచి ఆడే గాలి. నాలుగు శతాబ్దాల కిందటే చల్లటి ఇల్లు కట్టడం తెలిసిన ఊళ్లో, కొండ కింద ఈనాటికీ రేకులు తళతళలాడుతున్నాయి. ధర్మవరంలో దిగితే చేనేత వాడలు. తొగట, పద్మశాలి, దేవాంగ ఇళ్లల్లో గుంత మగ్గం ఉన్న గదే పడక గది. గాలి పొడిబారితే పట్టు పోగు తెగుతుందని నేతగాడు మగ్గం గుంతలో నీళ్లు చల్లుతాడు. ఇక్కడా తేమ దక్కేది ముందు పోగుకే. అద్దె ఇంట్లో మగ్గం వేసుకున్న కూలి నేతగాడు కప్పు మార్చమని ఇంటి యజమానిని అడగలేడు.

నీడ ఈ దేశంలో ఎప్పుడూ హోదాయే. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లా కళ్లర్లు ఆదిద్రావిడుల మీద విధించిన నిషేధాలను జె.హెచ్. హట్టన్ కులంపై రాసిన గ్రంథంలో నమోదు చేశాడు. ఎండకైనా వానకైనా గొడుగు పట్టరాదు, కాలికి చెప్పులు తొడగరాదన్నవి వాటిలో ఉన్నాయి. పైన ఎండ, కింద కాలే నేల, మధ్యలో మనిషి. ఈనాడు అలాంటి శాసనం ఎవరూ చేయనక్కర్లేదు. సెంటు స్థలం, రేకు కప్పు ఆ పని నిశ్శబ్దంగా చేస్తున్నాయి.

2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. పక్కనున్న తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. మంచి అడుగే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసి, అంతకు తక్కువైతే యజమాని ఇష్టానికి వదిలారు. ప్రభుత్వం కట్టించే పేదల ఇళ్లు అందులో ఉన్నాయి గానీ, సొంతంగా నాలుగు రేకులు వేసుకున్నవాడిది ‘ఇష్టం’ కింద పడింది. 48 గజాలవాడి ఇష్టానికి ఖర్చు ఎవరు పెడతారు? రేకు మీద ఉత్త సున్నం నిలవదు, తొలి వానకే కారిపోతుంది. ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు కొనాలి. దానితో గది రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆ డబ్బా ధర కూలి ఇంటికి ఎన్ని రోజుల బియ్యమో రంగు కొనమనే ప్రకటన చెప్పదు.

మన రాష్ట్రం ఇలాంటి విధానం చేస్తే అది కింది నుంచి మొదలుకావాలి. ఎస్సీ, ఎస్టీ కాలనీల రేకు కప్పులకు, మగ్గం గదులకు ప్రభుత్వమే ఫిబ్రవరి దాటకుండా రంగు వేయించాలి. ఎస్సీ, ఎస్టీ నివాసాల కోసమే నిధులు ఖర్చు పెట్టాలని చెప్పే 2013 ఉపప్రణాళిక చట్టం ఉండనే ఉంది. కొత్తగా ఇచ్చే స్థలాన్ని గోడ మందానికీ ఒక చెట్టుకూ సరిపోయేలా కొలవాలి. అన్నిటికన్నా ముందు కాలనీ కుళాయికి వేసవిలో రోజూ నీళ్లు రావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడడమే గొప్ప అయిన చోట తడిబట్ట కట్టుకోమనే సలహాకు అర్థం అప్పుడే వస్తుంది.

అమ్మ ఇప్పుడు కూలికి వెళ్లడం లేదు. మానేసిననాడు షెడ్డు నుంచి అడిగి తెచ్చుకున్న పాత గోనెపట్టను మా గుమ్మానికి కట్టింది. గోనె తడపడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. డ్రమ్ములో నీళ్లున్నంత సేపు తడుపుతుంది. ఆ నీళ్లు మధ్యాహ్నం రెండు గంటలకు అయిపోతాయి.