పాస్ మీది, క్లియరెన్స్ కంపెనీది

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగం వచ్చిందా? స్వీట్లు పంచేముందు కాస్త ఆగండి. పోలీస్ వెరిఫికేషన్ అవ్వాలి, పౌర విమానయాన భద్రతా బ్యూరో, అదే బీసీఏఎస్, ఎంట్రీ పాస్ ఇవ్వాలి. అది మెడలో లేకపోతే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు గేటు దాటనివ్వరు.

సరే, మీ మీద ఒక్క కేసూ లేదు. అయినా చాలదు. మీ కంపెనీకీ సెక్యూరిటీ క్లియరెన్స్ ఉండాలి. టర్కీ సంస్థ సెలెబీ సంగతి గుర్తుందిగా? ఆపరేషన్ సిందూర్ టైమ్‌లో టర్కీ పాకిస్తాన్‌ని వెనకేసుకొచ్చింది. 2025 మే 15న బీసీఏఎస్ ఒక్క ఆర్డర్‌తో సెలెబీ క్లియరెన్స్ రద్దు చేసింది. మన హైదరాబాద్ సహా 9 ఎయిర్‌పోర్టుల్లో పనిచేసిన కంపెనీ అది!

నిజానికి 2023 భద్రతా నిబంధనల్లో 12వది, రద్దు చేసేముందు అవతలివాళ్ల మాట వినాలంటుంది. సెలెబీ ఇదే పట్టుకుని ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. కేంద్రం కారణాలను సీల్డ్ కవర్‌లో పెట్టి జడ్జికిచ్చింది. దేశ భద్రత ముందు ఆ వాదన నిలవలేదు, జులై 7న పిటిషన్ కొట్టేశారు.

1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. పేరు మారింది, బీసీఏఎస్ పట్టు మాత్రం అలాగే ఉంది. ఉండాలి కూడా, విమానంతో ఆటలా? కానీ ఏ తప్పూ చేయని ట్రాలీ కుర్రాడి సంగతేంటి? ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ అయితే సెలెబీ స్టాఫ్‌ని కొత్త ఏజెన్సీలకు మారుస్తామంది. అది ఎయిర్‌పోర్ట్ ఇచ్చిన మాట. కాబట్టి ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడు జీతంతోపాటు ఇదీ అడగండి: మీ క్లియరెన్స్ ఎప్పటిదాకా ఉంది సార్?