ఇంటి చదువు, ప్రకృతి పాఠము

మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ విద్యాలయము 1895లో ఆ పట్టణమందే జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి సంకల్పమున వెలసినది. కరవుసీమలో చెట్లు పెంచగా పక్షులు చేరి, 1991లో ఆ లోయ పక్షిసంరక్షణ క్షేత్రమైనది. ఇంటనుండియే పక్షిశాస్త్రము నభ్యసించుటకు పాఠ్యక్రమమునుగూడ అచ్చటివారు నడపిరి.

ఈ విద్య శుల్కము చెల్లింపగలవారి సొత్తేనా? కాదని మా దృఢాభిప్రాయము. గుడుపల్లె రైతుబిడ్డకు గిజిగాని గూడు, చింతపూత, చెరువుకట్టపై కొంగ నిత్యపరిచితములు. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యపు టేనుగులు పైరులపై బడు కుప్పముసీమలో ప్రకృతిజ్ఞానము వినోదము కాదు, ప్రాణరక్షణము. అయినను పరీక్షల పేరిట మన మా బిడ్డల కన్నులు మూయించుచున్నాము.

తల్లిదండ్రులారా! బడి మానిపింప బనిలేదు. గ్రంథాలయములందు సభలు జరుపుడు. వారమున కొకపూట బిడ్డలను పొలమునకు గొనిపోవుడు, చూచినది వ్రాయించుడు, చెట్టుచెట్టు పేరెరిగిన వృద్ధుని గురువుగా నిలుపుడు. ఇందులకు సర్కారు ఉత్తరువు అక్కరలేదు.