ఇంటి వస్తువులతో పసిపిల్లల ఆటలు

పసిపిల్లల ఆటకు ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. జొన్నసొప్ప బెండుతో ఎడ్లబండి, తాటిబుర్రలతో రెండు చక్రాల బండి, బంకమట్టితో ఎడ్లు చేసి ఇవ్వడం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల పాత అలవాటు. తేలికైన పొనికి కర్రతో చేసే నిర్మల్ బొమ్మలు కూడా ఈ నేలవే.

వయసును బట్టి ఆట మారాలి. ఏడాది బిడ్డకు స్టీలు గిన్నె, చెక్క గరిటె, గట్టిగా మూత బిగించిన డబ్బాలో గుప్పెడు కందులు చాలు. రెండేళ్లకు చెంబుతో నీళ్లు పోయడం, పిండిముద్ద పిసకడం వేళ్లకు పట్టునిస్తాయి. మూడేళ్లు దాటితే బతుకమ్మ పూలను రంగులవారీగా వేరుచేస్తారు. ఐదేళ్లకు ఓనగుంటల (వామనగుంటల) ఆటలో చింతగింజలు పంచుతూ లెక్క నేర్చుకుంటారు.

మూడేళ్లలోపు వారికి విడి గింజలు, గోలీలు, గుండీలు అందనివ్వకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. నీళ్ల ఆటలో పెద్దలు పక్కనే ఉండాలి. సొప్ప పేడు చర్మాన్ని కోస్తుంది కనుక దాన్ని పెద్దలే ఒలవాలి.

ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించి ఆడాలని, ఏడాది పిల్లలకు తెర చూపడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. సెల్‌ఫోన్ చేతికిచ్చి బువ్వ తినిపించే ఇళ్లు ఈ మాట వినాలి. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీలు ఆటపాటలతో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు చెబుతాయి. పైన చెప్పిన ఆటవస్తువుల తయారీని తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు అక్కడే నేర్పించాలి. ఖర్చు దాదాపు లేదు. పెద్దలు రోజూ కొంత సమయం ఇస్తే చాలు.