‘వాషబుల్’ అని రాసుంటే సరిపోదు

ఇంట్లో కుక్కో పిల్లో ఉందని చెబితే చాలు, బట్టల దుకాణంలో ముందుకు తోసేది మింక్ బ్లాంకెటే. “మెత్తగుంటది, మరక కనబడది, వాషబుల్ గూడ” అని మూడు ముక్కల్లో బేరం తెగ్గొడతారు. మా సుల్తానాబాద్ వైపు చలి మొదలైతే ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లే ఉండరు. మూడింట్లో మొదటిది నిజం. రెండోది నిజమే గానీ అది గుణం కాదు, దోషం. మూడోది ఉత్త మాట.

డబుల్ బెడ్ మింక్ పొడిగా ఉన్నప్పుడే నాలుగైదు కిలోలు తూగే రకాలున్నాయి. ఆరేడు కిలోల మిషన్‌లో దాన్ని కుక్కితే లోపల తిరగడానికి చోటుండదు, సబ్బు నీళ్లు పైపైన తడిపి వదిలేస్తాయి. చేత్తో ఉతుకుదామంటే తడిసిన బరువు ఒక్కరు లేపలేరు. ఇద్దరు చెరో కొస పట్టి పిండినా మడతల్లో నీళ్లు నిలుస్తాయి. మబ్బు పట్టిందంటే మర్నాటికీ ఆరదు, ముక్క వాసన మొదలవుతుంది. ఈ తిప్పలు ఒకసారి పడ్డ ఇల్లాలు మళ్లీ ఏడాది దాకా దాని జోలికి పోదు. కుక్క రోజూ పొర్లే బట్టకేమో వారానికోసారి నీళ్లు తగలాలి.

ఆ నీళ్లు కూడా వేడివి కావాలి. దుమ్ము పురుగులు, ఫ్లీలనే దుమికే పురుగులు చావాలంటే 60 డిగ్రీల వేడి ఉండాలి. మింక్ లాంటి సింథటిక్ రగ్గుల లేబుల్ చదవండి, 30, 40 డిగ్రీలు దాటొద్దనే ఎక్కువగా ఉంటుంది. దాటితే నూగు ముద్దకడుతుంది. నూలుకు ఆ భయం లేదు.

ఇక మరక కనబడకపోవడం. తెల్ల చెద్దరు మీద కుక్క లేచిన చోట నల్ల ఇసుక లాంటి నలకలు కనిపిస్తే, తడి దూది అద్ది చూడండి. చుట్టూ ఎర్రగా జీర పాకితే అది మట్టి కాదు, ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం. ముదురు రంగు పువ్వుల మింక్ మీద ఈ గుర్తు దొరకనే దొరకదు. పైగా జంతువు ఒంటి మీద కనబడే పెద్ద పురుగులు మొత్తం సంఖ్యలో ఏ ఐదు శాతమో. మిగతావి గుడ్లుగా, పిల్లపురుగులుగా పడకలో, నేల సందుల్లో ఉంటాయి. మరక దాచే బట్ట పురుగునూ దాస్తుంది.

“ఎండలో పడేస్తే సరి” అనే పెద్దల మాట సగం నిజం. మా మే నెల డాబా మీద ఏ పురుగూ బతకదు. కానీ కుక్క లాలాజలం, చర్మపు పొట్టు ఎండకు పోవు, నీళ్లతోనే పోవాలి. అలర్జీ తెచ్చేవి అవే గానీ వెంట్రుకలు కావు. అందుకే పిల్లికి వెంట్రుకలు కత్తిరించినంత మాత్రాన తుమ్ములు ఆగవు. వెంట్రుకే పడదనుకునేవాళ్లు జంతువును తెచ్చుకోవడం ఎందుకు? గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే.

అన్నింటికన్నా ప్రమాదమైన సలహా ఇంకొకటుంది: ఉతికే నీళ్లలో ఫినాయిల్ చుక్క వేయమనడం. పిల్లి కాలేయం ఫినాల్ రకం రసాయనాలను సరిగా విరగ్గొట్టలేదు. ఆ బట్ట మీద పడుకుని ఒళ్లు నాక్కుంటే విషం నేరుగా కడుపులోకి పోతుంది. కుక్కల మీద చల్లే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లి ఉన్న పడక దగ్గరికి రానీయొద్దు.

గొంగడి మీద నాకు గౌరవమే. నల్ల గొర్రె ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించి బిగించే ఆ గొంగడి వానకూ చలికీ సాటిలేనిది. కానీ పాతబడిందని దాన్ని కుక్క కింద వేయడం తెలివి కాదు. మాటిమాటికీ వేడినీళ్లలో ఉతికితే ఉన్ని ముడుచుకుపోతుంది. దూది కూరిన రజాయి కూడా అంతే, లోపలి తడి ఎప్పుడు ఆరుతుందో తెలియదు.

మరి ఏం కొనాలి? మన పద్మశాలీలు వలసపోయి మగ్గాలు ఆడించిన సోలాపూర్ చెద్దరు ఉంది. కరీంనగర్ చేనేత దుప్పట్లున్నాయి. కుక్క కింద పరచడానికి 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా ఉంది. అన్నీ నూగు లేని నూలు నేత, దులిపితే వెంట్రుక రాలుతుంది. ఇవీ దొరక్కపోతే పాత చీరలు రెండు మూడు పొరలుగా కుట్టిన పలుచటి బొంత చాలు, దానికి పైసా ఖర్చు లేదు. ఒక మందపు రగ్గు డబ్బుతో రెండు పలుచటివి కొనండి. చలెక్కువైతే రెండూ కలిపి కప్పుకోవచ్చు, ఒకటి దండెం మీద ఉన్నప్పుడు రెండోది మంచం మీద ఉంటుంది.

దుకాణంలో లేబుల్ పక్కన పెట్టి ఒక్క లెక్క చూసుకోండి: ఇది తడిసినంక మీరొక్కరే పిండి దండెం మీద వేయగలరా? లేరంటే తీసిన చోటే పెట్టేసి రండి.