జ్యూసు గ్లాసులో పెరుగు పులుపు

పోయిన నెల కావేరిపాక్కం చెరువుగట్టు దగ్గర మా చుట్టాలింట్లో పెళ్లి. జ్యూసు పోసిన గ్లాసులు అద్దంలా ఉన్నాయి. "ఇది మామూలు ప్లాస్టిక్కు కాదక్కా, మట్టిలో కలిసిపోతుంది" అన్నాడు వడ్డించే పిల్లోడు. మరునాడు మా వీధి అవ్వ ఆ గ్లాసుల్ని, నీళ్ల బాటిళ్లని ఒకే గోనెసంచికెత్తి పాతసామాన్ల అంగడికి మోసుకుపోయింది. అంగడాయన ఒక గ్లాసు తిప్పి చూసి, "ఇవి కలిస్తే నా సరుకు చెడుతుంది" అని సంచి మొత్తం వెనక్కిచ్చేశాడు. అవ్వకి రెండు రోజుల కష్టం పోయింది.

ఆయన చెప్పింది నిజమే. బాటిలు పెట్ ప్లాస్టిక్కు. దాన్ని ముక్కలు చేసి, కరిగించి పాలిస్టర్ పీచు తీస్తారు. బ్లెండు నూలు నడిపిన మనవాళ్లకి ఆ పీచు తెలిసిందే. పెట్ కరగాలంటే 250 డిగ్రీల వేడి కావాలి. ఆ గ్లాసు పీఎల్‌ఏ, 170 దగ్గరే కరిగి ముక్కలన్నిటికీ జిగురులా అంటుకుంటుంది.

మట్టిలో కలుస్తుందా అంటే, సగం నిజం. 60 డిగ్రీల వేడి, తేమ నిలిపే పెద్ద కంపోస్టు యార్డులో కొన్ని నెలలకి కలుస్తుంది. మా పెరటి ఎరువుగుంటలో నేనొకటి పూడ్చి ఆరు నెలలకి తవ్వితే, కడుక్కుని మళ్లీ జ్యూసు తాగేటట్టు ఉంది! 2019 జనవరి 1న తమిళనాడులో వాడి పారేసే ప్లాస్టిక్కు నిషేధం వచ్చింది. ఇలాంటి 'మంచి' గ్లాసులు ఎక్కడ పడేయాలో మాత్రం మన వీధిలో ఎవరూ చెప్పలేదు.

దీనికి ఇంకో దారి ఉంది. మొక్కజొన్న పిండినో చెరకు చక్కెరనో పులియబెడితే లాక్టిక్ ఆసిడ్ వస్తుంది. మన పెరుగులో పులుపు అదే. దాన్ని పూసల్లా గుచ్చితే పీఎల్‌ఏ. ఆ దండను ఇథనాల్‌లో వేసి, జింకు ఉప్పులాంటి మందు కొంచెం కలిపి వేడిచేస్తే పూసలు ఊడి ఇథైల్ లాక్టేట్ అనే ద్రవం అవుతుంది. రంగులు, ఇంకులు కరిగించడానికి, మిషను భాగాలు తుడవడానికి అది పనికొస్తుంది. పెళుసు ప్లాస్టిక్కుని మెత్తబరిచే మందులు కూడా ఇలాంటి సరుకునుంచి చేయొచ్చు. ఇంట్లో చేసే పని కాదు, పొయ్యి దగ్గర అసలు వద్దు. ఫ్యాక్టరీ కావాలి, దానికి ముందు విడిగా ఏరిన గ్లాసులు కావాలి.

అవ్వ ఇప్పుడు ఇంటి ముందర కూర్చుని సంచి ఏరుతోంది. అడుగున త్రికోణంలో 1 ఉంటే బాటిళ్ల గుట్టలోకి. 7 గానీ, 'కంపోస్టబుల్' అన్న రాత గానీ ఉంటే పక్కకి. అంకెలు కంటికి ఆనడం లేదని మా చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.