తోడు వేరు, బదులు వేరు

రొమ్ములో ఉసిరికాయంత గడ్డతో ఒకావిడ నా వద్దకు వచ్చారు. శస్త్రచికిత్స అవసరమని చెప్పాను. ‘కత్తి తగిలితే వ్యాధి పాకుతుంది’ అని ఎవరో భయపెట్టగా ఆమె కషాయాలను ఆశ్రయించారు. ఎనిమిది నెలల తరువాత తిరిగి వచ్చేసరికి గడ్డ చర్మాన్ని చీల్చుకొని పుండయింది. వ్యాధి ఎముకలకు చేరింది. ఆ ఎనిమిది నెలలను ఏ వైద్యుడూ తిరిగి ఇవ్వలేడు.

చికిత్సకు తోడుగా నిలిచేది వేరు, చికిత్సకు బదులుగా వచ్చి కూర్చొనేది వేరు. ఈ రెంటినీ ‘సహజవైద్యం’ అనే ఒకే పేరుతో అమ్మేవారితోనే నా తగవు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాధి ఇతర అవయవాలకు పాకకముందే ప్రామాణిక చికిత్సను కాదని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకొన్నవారికి మరణించే ప్రమాదం రెండున్నర రెట్లు ఉన్నట్లు తేలింది. రొమ్ము క్యాన్సరులో అది అయిదు రెట్లు దాటింది.

జీవనశైలికి విలువ లేదని నేననడం లేదు. 889 మంది పెద్దప్రేవు క్యాన్సరు రోగులపై జరిగిన పరిశోధన ఒకటి 2025లో వెలువడింది. మూడేళ్ళపాటు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ళకు నూటికి 90 మంది జీవించి ఉండగా, సలహాల పుస్తకాలు మాత్రమే అందుకొన్నవారిలో 83 మంది ఉన్నారు. అయితే వారందరూ ముందుగా శస్త్రచికిత్స, కీమోథెరపీ చేయించుకొన్నవారే! అమ్మకందారులు ఈ ఒక్క సంగతినే చెప్పరు.

చక్కెర మానితే కణితి మాడిపోతుందన్నది మరొక ప్రచారం. అన్నం, పాలు, గుడ్లు మాన్పిస్తే శరీరం తన కండలనే కరిగించి గ్లూకోజును తయారుచేసుకొంటుంది. ఎండిపోయేది కణితి కాదు, రోగి. బరువు తగ్గి నీరసిస్తే మందు మోతాదు తగ్గించవలసి రావచ్చు, తరువాతి విడత వాయిదా పడవచ్చు. ఇక లక్ష్మణఫలం ప్రయోగశాలలో కణాలను చంపినంత మాత్రాన మనుషులలో క్యాన్సరును నయం చేసినట్లు కాదు.

తప్పు మా వైద్యులలోనూ ఉంది. ‘ఏమి తినమంటారు డాక్టరుగారూ?’ అని అడిగితే, ‘ఏదైనా తినండి’ అని మరొక రోగిని పిలుస్తాం. ఆ ప్రశ్నకు ఓపికగా సమాధానం చెప్పే మొదటి మనిషి కషాయం అమ్మేవాడే అయితే, రోగి అతని వెంట వెళ్ళడంలో వింత ఏముంది?

నడవండి. ప్రాణాయామం చేయండి. మీ దేవునికి మ్రొక్కుకోండి. ఏ మూలిక వాడుతున్నా మీ వైద్యునికి చెప్పండి. కొన్ని మూలికలు మందుల పనికి అడ్డు వస్తాయి. వైద్యులారా, కసురుకోకుండా వినండి. ‘ఆ చికిత్స మానేస్తేనే మా మందు పనిచేస్తుంది’ అని ఎవరైనా అంటే మాత్రం, ఆ గడప మళ్ళీ తొక్కకండి.